విమాన సంస్థలు కలిస్తే ఉద్యోగి ఎక్కడ నిలబడతాడు?

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్ కౌంటర్ల దగ్గర, రాంప్ మీద, హ్యాంగర్లలో హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల పిల్లలు కనిపిస్తూనే ఉంటారు. ఏదో ఒక ఎయిర్‌లైన్‌లో జీతాలు పది రోజులు ఆలస్యమైతే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: "మనల్ని ఫలానా కంపెనీలో కలుపుతారట." మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం పచ్చజెండా ఊపాక వరంగల్‌లో ఈ ఉద్యోగాల మీద ఆశ పెరిగింది. కాబట్టి ఆ గుసగుసల వెనకున్న చరిత్ర ఇక్కడివాళ్లకూ పనికొచ్చేదే.

మన దగ్గర ఇది కొత్త ముచ్చట కాదు. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిచేది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం వదిలేసిన డకోటా విమానాలు చౌకగా దొరికాయి. దాంతో దేశంలో కంపెనీలు పెరిగాయి గానీ వాటన్నిటికీ సరిపడా ప్రయాణికులు లేరు. చివరికి 1953 ఆగస్టు 1న దక్కన్ ఎయిర్‌వేస్ మరో ఏడు సంస్థలతో పాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. అయితే అది పార్లమెంటు చట్టంతో జరిగిన విలీనం. ఉద్యోగుల బదిలీ ఎట్లా జరగాలో ఆ చట్టంలోనే రాశారు. ఆ తర్వాతి విలీనాలు చాలావరకు కంపెనీ చట్టం కింద, ఒప్పందాల మీద జరిగినవే. చిక్కులన్నీ అక్కడే.

అన్నిటికన్నా పెద్ద పాఠం 2007 నాటిది. ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను కలిపి నేషనల్ ఏవియేషన్ కంపెనీగా మార్చారు. అంతకుముందే ఒకరు 68 బోయింగులు, మరొకరు 43 ఎయిర్‌బస్సులు ఆర్డర్ చేసి ఉన్నారు. ఆ అప్పు మొత్తం కొత్త కంపెనీ నెత్తిన పడింది. విలీనానికి ముందు 2006-07లో ఇద్దరి నష్టం కలిపి సుమారు 770 కోట్లు. 2008-09కి ఒక్క ఏడాది నష్టమే 5,500 కోట్లు దాటింది. చమురు ధర, ప్రపంచ మాంద్యం కూడా కారణాలే, కాదనలేం. కానీ పైన పేరు మారి లోపల రెండు కంపెనీలు అట్లాగే మిగిలిపోవడం అసలు రోగం. ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాల నంబర్ల ముందు వాడిన ఐసీ కోడ్ తీసేయడానికే 2011 దాకా పట్టింది.

ఉద్యోగుల పంచాయితీ అంతా సీనియారిటీ దగ్గర తెగలేదు. రెండు సంస్థల్లో ప్రమోషన్ పద్ధతి వేరు, అలవెన్సుల లెక్క వేరు. ఒకే ఏడాది చేరిన ఇద్దరు వేర్వేరు గ్రేడుల్లో ఉన్నారు. పైలట్ల విషయంలో సీనియారిటీ అంటే గౌరవం ఒక్కటే కాదు. కెప్టెన్ ఎప్పుడవుతారు, పెద్ద విమానం ఎప్పుడు దక్కుతుంది, సెలవు ఎవరికి ముందు ఇస్తారు, అన్నీ ఆ జాబితాలోని నంబరు మీదే నడుస్తాయి. జీతాల సమానత్వం కోసం పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు 2011లో సమ్మెకు దిగారు. మరుసటి ఏడాది అటువైపు వాళ్ల వంతు: కొత్తగా వస్తున్న బోయింగ్ డ్రీమ్‌లైనర్ విమానాల శిక్షణ ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకూ ఇవ్వడం మీద పాత ఎయిర్ ఇండియా పైలట్లు 58 రోజులు విధులకు దూరంగా ఉన్నారు. ఈ జీతాలు, గ్రేడుల చిక్కు తేల్చడానికి జస్టిస్ ధర్మాధికారి కమిటీని వేసింది విలీనం జరిగిన నాలుగేళ్లకు. చేయాల్సిన క్రమం దీనికి తలకిందులు: ముందు గ్రేడులు, సీనియారిటీ తేల్చి ఆ తర్వాతే సంతకాలు పెట్టాలి.

అదే కాలంలో ప్రైవేటులో జరిగింది ఇంకో రకం. విదేశాలకు విమానం నడపాలంటే ఐదేళ్ల అనుభవం, 20 విమానాలు ఉండాలని అప్పట్లో నిబంధన. కింగ్‌ఫిషర్ మొదలైంది 2005లో, ఎయిర్ దక్కన్ 2003లో. అందుకే కింగ్‌ఫిషర్ వ్యాపారాన్ని కాగితాల మీద దక్కన్ కంపెనీలోకి తెచ్చి, తర్వాత దానికే కింగ్‌ఫిషర్ పేరు పెట్టారు. 2008 సెప్టెంబరులో లండన్ విమానం ఎగిరింది. 2012 అక్టోబరులో మొత్తం ఆగిపోయింది, నెలల తరబడి జీతాలు బాకీ పెట్టి. చౌక టికెట్ల సంస్థను, విలాసాల సంస్థను ఒకే గూటికి చేర్చి రెండింటి ఖర్చూ మోసిన ఆ విలీనంలో మొదటి నుంచీ ఉద్యోగి లెక్కలోనే లేడు. ఎయిర్ సహారాను 2007లో 1,450 కోట్లకు కొన్న జెట్ ఎయిర్‌వేస్ కూడా 2019 ఏప్రిల్ 17న ఆగిపోయింది.

నష్టాల్లో ఉన్న రెండు సంస్థలు కలిస్తే బలం రాకపోవడానికి కారణం సులువే. విమానాల్లో ఎక్కువ భాగం లీజువి. అద్దె కట్టకపోతే యజమాని వెనక్కి తీసుకుపోతాడు. 2023 మేలో దివాలా పిటిషన్ వేసిన గో ఫస్ట్ ఎయిర్‌లైన్‌లో అదే కథ. ఇంజిన్ల సమస్యతో చాలా విమానాలు అప్పటికే పక్కన పడి ఉన్నాయి. 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు 54 విమానాల రిజిస్ట్రేషన్ రద్దు చేయమన్నాక, అంటే యజమానులు వాటిని తీసుకుపోయే దారి తెరిచాక, కొనేవాడికి మిగిలేదేముంది? 2025 జనవరిలో లిక్విడేషన్ ఆర్డర్, అంటే ఆస్తులు అమ్మి కంపెనీని మూసేయమన్న ఆర్డర్, వచ్చింది.

సాఫీగా జరిగిందని చెప్పుకునే విస్తారా విలీనాన్నే చూడండి, అది ఎయిర్ ఇండియాలో కలిసింది. 2022 నవంబరు 29న ప్రకటన. 2023 సెప్టెంబరులో కాంపిటీషన్ కమిషన్ అనుమతి, 2024 జూన్‌లో కంపెనీల వ్యవహారాలు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ ఆమోదం, ఆగస్టులో విదేశీ పెట్టుబడికి ఓకే, నవంబరు 12న విలీనం. డబ్బున్న యజమానులకే రెండేళ్లు పట్టింది. మధ్యలో పైలట్ల కొత్త కాంట్రాక్టు వచ్చింది: నెలకు 70 గంటలకు ఉన్న ఖాయమైన జీతం 40 గంటలకు తగ్గింది, ఆ పైన ఎగిరినదానికే అదనం. అంటే నెలలో 55 గంటలు ఎగిరిన వ్యక్తికి మునుపు 70 గంటల డబ్బు వచ్చేది, ఇప్పుడు 55కే. 2024 మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో వరసగా విమానాలు రద్దయ్యాయి. గ్రౌండ్ మీద పనిచేసే పర్మినెంట్ సిబ్బందికి స్వచ్ఛంద విరమణ పథకాలు పెట్టారు.

కాబట్టి గ్రూపులో మెసేజ్ రాగానే ముందు చూడాల్సింది విస్తారా దాటిన ఆ మెట్లలో ఒక్కటైనా ఎక్కారా అన్నది. లిస్టయిన కంపెనీ అయితే బోర్డు నిర్ణయాన్ని వెంటనే స్టాక్ ఎక్స్ఛేంజీకి చెప్పాలి. పెద్ద విలీనమైతే కాంపిటీషన్ కమిషన్‌కు దరఖాస్తు వెళ్తుంది. ఇవేవీ లేకుండా "వచ్చే నెలే" అంటే నమ్మొద్దు.

రెండోది, అది ఏ రకం కలయిక. ఎన్‌సీఎల్‌టీ ఆమోదించే స్కీములో సాధారణంగా సర్వీసు తెగకుండా ఉద్యోగులు బదిలీ అవుతారని రాసి ఉంటుంది. అలా కాక "రిజైన్ చేసి కొత్త కంపెనీలో చేరండి" అంటే చేరిన తేదీ మారిపోతుంది. ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే గ్రాట్యుటీకి పర్మినెంట్ ఉద్యోగికి ఐదేళ్ల సర్వీసు కావాలి. లెక్క: చివరి నెల వేతనాన్ని (ప్రధానంగా బేసిక్, డీఏ) 26తో భాగించి, 15తో, ఏళ్లతో గుణించాలి. 26,000 మీద ఆరేళ్లకు 90,000. నాలుగేళ్లకే రిజైన్ చేసి చేరితే పాత నాలుగేళ్లు గాలికి పోతాయి. పాత సర్వీసు కొనసాగుతుందని కొత్త ఆఫర్ లెటర్‌లో రాయించుకోకుండా సంతకం పెట్టొద్దు.

దివాలా దాకా పోతే దివాలా ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు ఫారం డీలో క్లెయిము వేయాలి, గడువులోగా. జీతం స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయాలి. కంపెనీ మెయిల్ ఒక్కసారి ఆగిపోతే అవేవీ దొరకవు, కనుక ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. జెట్ కేసులో పీఎఫ్, గ్రాట్యుటీ పూర్తిగా చెల్లించాలని ఎన్‌సీఎల్‌టీ పైనున్న అప్పిలేట్ ట్రిబ్యునల్ 2022లో చెప్పింది. సుప్రీంకోర్టు కూడా అందులో జోక్యం చేసుకోలేదు. అయినా 2024 నవంబరులో కంపెనీనే లిక్విడేషన్‌కు పంపాల్సి వచ్చింది. హక్కు తేలడం వేరు, చేతికి రావడం వేరు. నెల నెలా పీఎఫ్ పడుతోందా అని పాస్‌బుక్ చూసుకోవడం అందుకే. ఈ నెల వాటా వచ్చే నెల 15లోగా జమ కావాలి. రెండు నెలలు తప్పిందంటే విలీనం పుకారు కన్నా అది పెద్ద సంకేతం.

లోడర్లు, క్లీనర్లు, వీల్‌చెయిర్ సహాయకుల సంగతి ఇంకో తీరు. మన జిల్లాల నుంచి వెళ్లినవాళ్లలో ఏజెన్సీ కింద ఉన్నవాళ్లు విలీనం స్కీములో ఉండరు, సీనియారిటీ జాబితాలో ఉండరు. పీఎఫ్ పాస్‌బుక్‌లో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న ప్రధాన యజమాని కట్టాలన్నది 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టంలో ఉన్న మాట; 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన లేబర్ కోడ్‌లోనూ ఉంది. దాన్ని అడగాలంటే ఏ ఎయిర్‌లైన్ షిఫ్టులో ఏ తేదీన పనిచేశారో చూపే హాజరు కాగితం, గేట్ పాస్ ఫొటోకాపీ దగ్గర ఉండాలి.