అక్రాకు ఒక పూట చాలదు: అపోహలు - వాస్తవాలు

ఘనా రాజధాని అక్రాలో మన దేశం నుంచి వచ్చేవారికి ఊరు చూపించడం నా పని. విమానం దిగీ దిగగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న, "కేప్‌కోస్ట్‌కు ఎప్పుడు బయలుదేరదాం?" కేప్‌కోస్ట్ పాత కోట ఉన్న మరో తీరపట్టణం. ఆ ప్రశ్న విన్న ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది.

అపోహ: చరిత్రంతా కేప్‌కోస్ట్, ఎల్మినా కోటల్లోనే ఉంది. అక్రాలో చూసేదేమీ లేదు.

వాస్తవం: ఆ రెండూ తప్పక చూడాల్సినవే. ఎల్మినా కోటను పోర్చుగీసువారు 1482లోనే మొదలుపెట్టారు. కానీ అక్రా తీరం వెంబడి కొద్ది కిలోమీటర్లలోనే మూడు దేశాలవారు కట్టిన మూడు కోటలున్నాయి. అషర్ కోట డచ్చివారిది, జేమ్స్ కోట ఇంగ్లీషువారిది, క్రిస్టియన్‌బోర్గ్ డేన్లది, అంటే డెన్మార్క్‌వారిది. మూడూ 17వ శతాబ్దానివే. బంగారం కోసం వచ్చినవారు చివరికి మనుషులనే సరుకు చేసుకున్నారు.

అపోహ: ఒక కోట చూస్తే అన్నీ చూసినట్టే.

వాస్తవం: ఇక్కడే నేను ఎక్కువసేపు ఆగుతాను. డేన్ల కోట తర్వాత బ్రిటిష్ గవర్నర్ నివాసమైంది. 1948 ఫిబ్రవరి 28న మాజీ సైనికులు వినతిపత్రం పట్టుకుని ఆ కోటవైపు నడిచారు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో మన సైనికులున్న సేనలోనే పోరాడి వచ్చినవారు వారిలో ఎందరో. చేతిలో ఆయుధం లేదు, అడిగింది తమకు రావాల్సినదే. దారిలోనే కాల్పులు జరిగాయి. సార్జెంట్ అడ్జెటే, కార్పొరల్ అటిపో, ప్రైవేట్ ఒడార్టే లాంప్టే నేలకొరిగారు. ఊరు భగ్గుమంది.

రెండేళ్లకు స్వాతంత్ర్యోద్యమ నాయకుడు క్వామె ఎన్‌క్రుమాను జేమ్స్ కోటలో బంధించారు, అప్పటికది జైలు. 1951 ఫిబ్రవరి ఎన్నికల్లో ఆయన ఆ జైల్లో ఉండే గెలిచాడు. 1957 మార్చి 6న స్వాతంత్ర్యం ప్రకటించిన పోలో మైదానం ఇప్పుడు ఆయన స్మారక ఉద్యానం. జేమ్స్ కోటలోకి అనుమతి లేని రోజైనా సరే, ఆ గోడ పక్కన కాసేపు నిలబడండి. జైలు నుంచి మైదానానికి ఎంత దగ్గరో కాళ్లకే తెలుస్తుంది.

అపోహ: ఆఫ్రికా అంటే ఎప్పుడూ డప్పుల మోత.

వాస్తవం: ఇక్కడి 'గా' అనే జాతి ప్రజలు హోమోవో పండుగకు ముందు, మే, జూన్ నెలల ప్రాంతంలో, సుమారు నెల రోజులు డప్పు ముట్టరు. హోమోవో అంటే ఆకలిని గేలి చేయడం.

అపోహ: శాకాహారులకు పస్తులే.

వాస్తవం: వాచే అడగండి. అలసందలు, బియ్యం కలిపి, జొన్న ఆకులు వేసి వండుతారు. అన్నం ముదురెరుపుకు తిరుగుతుంది. వేడివేడిగా ఆకులో పొట్లం కట్టి ఇస్తుంటే మన ఊరి టిఫిన్ కొట్టు గుర్తొస్తుంది. అయితే పక్కన వేసే షిటో అనే నల్లటి కారంలో ఎండుచేపలు, రొయ్యలు ఉంటాయి. వడ్డించకముందే వద్దని చెప్పాలి. డబ్బు కుడిచేత్తోనే ఇవ్వాలి. ఆ మర్యాద మనకు కొత్త కాదు.

అపోహ: టీకా కాగితం ఎవరూ చూడరు.

వాస్తవం: ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం తప్పనిసరి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోండి. మలేరియా మందుల గురించి కూడా డాక్టరును అడగండి.

అపోహ: అక్రాలోని జేమ్స్‌టౌన్ చేపల రేవుకు ఏ రోజు వెళ్లినా ఒకటే.

వాస్తవం: నేను మంగళవారమే తీసుకెళ్తాను. సముద్రానికి విశ్రాంతి అని 'గా' మత్స్యకారులు ఆ రోజు వేటకు వెళ్లరు. రంగులు పూసిన పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. వాటి నీడన కూర్చుని, వలను కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా పట్టి, చిరుగులు కుడుతుంటారు. ఫోను పైకెత్తే ముందు పలకరించి అనుమతి అడగండి. నాతో వచ్చిన ఉప్పాడ పెద్దాయన ఒకరు ఫోను జేబులో పెట్టేసి, వారి పక్కనే చతికిలబడి సూది అందుకున్నారు. ముడి వేసే తీరు తమ ఊరిదేనట. గంట దాకా లేవలేదు.