పట్టాలు పీకకండి బాబూ! సెకండ్‌హ్యాండ్ మోడల్ రైల్వే లేఅవుట్ల మీద అపోహలు - వాస్తవాలు

“సార్, ఒక పాత లేఅవుట్ కొన్నాం. మొత్తం పీకేసి మళ్ళీ వేద్దామనుకుంటున్నాం. ఎంతవుతుందండీ?”

విశాఖలో మోడల్ రైల్వే లేఅవుట్లు, అంటే బోర్డు మీద పట్టాలు, స్టేషన్లు బిగించి కట్టిన చిన్న బొమ్మ రైల్వేలు, బాగుచేసే పని నాది. వచ్చే ఫోన్లలో చాలావరకు ఇలాగే మొదలవుతాయి. ఇక్కడ ఈ పాత లేఅవుట్లు దొరకడం పెద్ద వింతేమీ కాదు. నేవీ కుటుంబాలు ట్రాన్స్‌ఫర్ మీద వెళ్తూ సోఫా, ఫ్రిజ్‌లతో పాటు అమ్మేస్తుంటాయి. మర్చంట్ నేవీ ఇంజనీర్లు ఓడ దిగిన ప్రతిసారీ ఒక్కో డబ్బా తెచ్చి ఏళ్ళ తరబడి కట్టుకున్నవి, వాళ్ళ తర్వాత ఇంట్లోవాళ్ళకి ఏం చేయాలో తోచక బయటికొస్తాయి. కొన్నవాళ్ళకి నాలుగు రోజులు సంబరం. అయిదో రోజు ఎవరో చుట్టం వచ్చి “ఇదే స్టేషనర్రా? మన దగ్గర ఇలా ఉండదే” అంటాడు. అక్కడితో టెన్షన్ మొదలు. మర్నాడు నాకు ఫోన్.

అపోహ: ఇది ఏ నిజం స్టేషన్‌లానూ లేదు కాబట్టి పట్టాలు పీకి మొదటి నుంచీ వేయాలి.

డబ్బూ ఉత్సాహమూ రెండూ తినేసే అపోహ ఇదే. మిగతావి దీని ముందు చిల్లర.

ముందు లెక్క చూడండి. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ స్కేలంటే 87వ వంతు. ఆ లెక్కన పట్టాల మధ్య 19 మిల్లీమీటర్ల పైచిలుకు ఉండాలి. కానీ దొరికే ట్రాక్ 16.5, ఎందుకంటే దాన్ని 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్ కోసం చేశారు. ఇంగ్లండ్ ఓఓ సెట్లయితే ఇంకా విచిత్రం. స్కేలు 76వ వంతు, ట్రాక్ మాత్రం అదే 16.5. వాళ్ళ సొంత రైళ్ళకే అది సన్నం. మరి “అచ్చం మన రైల్వేలా ఉండాలి” అని పట్టుబట్టి పీకేసినవాళ్ళు తిరిగి కొనేదేమిటి? మళ్ళీ అదే 16.5 ట్రాక్. పైగా దిగుమతి సుంకంతో.

పీకడం మాత్రం తేలికా? ఫెవికాల్ నీళ్ళు పోసి బిగించిన బాలాస్ట్ (పట్టాల కింద పరిచే కంకర) కింద స్క్రూడ్రైవర్ దూర్చి లేపితే, పట్టాని పట్టుకునే స్లీపర్ల చిన్న ప్లాస్టిక్ పళ్ళు టపటపా విరుగుతాయి. పాయింట్లలో, అంటే రైలు దారి మారే చోట్ల, కదిలే పట్టాల్ని కలిపే టై బార్ అంతకన్నా ముందే పోతుంది. కింద ఒక్కో పట్టా ముక్కకీ సోల్డర్ చేసిన తీగలు తెగుతాయి. వాటిలో ఏది ఎక్కడిదో కట్టిన మనిషికే తెలుసు, ఆయన ఇప్పుడు లేడు. పీకేసిన లేఅవుట్లు చాలా చూశాను. తిరిగి వేసినవి అరుదు. మిగిలినవన్నీ అట్టపెట్టెల్లో అటక మీదున్నాయి.

పట్టాలు ఎలా ఉన్నాయో అలాగే ఉంచండి. అవి అలా ఎందుకున్నాయో ఒక చరిత్ర కల్పించండి. ముందు కథ రాసి దానికి సరిపడేలా ట్రాక్ వేయడం ఖాళీ బోర్డు ఉన్నవాళ్ళ పద్ధతి. మన చేతిలో ఉన్నది నిండు బోర్డు.

“కల్పిస్తే మోసం కదండీ” అంటారు కొందరు. నిజం రైల్వేలు మాత్రం ఏం చేశాయి? 1890లలో ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో బెజవాడ నుంచి కటక్ వైపు లైను వేశారు. కొద్ది ఏళ్ళకే దాన్ని పంచేశారు. వాల్తేరుకి దక్షిణం మద్రాస్ రైల్వేకి, ఉత్తరం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకి. 1908లో మద్రాస్ రైల్వే కాస్తా మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే (ఎం.ఎస్.ఎం.) అయింది. బెంగాల్ నాగ్‌పూర్‌ని 1944లో ప్రభుత్వం తీసుకుంది. 1955లో సౌత్ ఈస్టర్న్ వచ్చింది, 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే. మధ్యలో 1987లో వాల్తేరు స్టేషన్ విశాఖపట్నం అయింది. ఇంతమంది చేతులు మారినా ఎవరూ పట్టాలు పీకి ఓనమాల నుంచి మొదలుపెట్టలేదు. పాతవాడి షెడ్డుకి తమ రంగు వేసుకున్నారు, పాతవాడి ప్లాట్‌ఫామ్‌ని నాలుగు గజాలు పొడిగించుకున్నారు.

మర్రిపాలెంలో ఒక టీచర్ గారింటి సంగతి చెప్తాను. వాళ్ళ నాన్నగారు ఓడల్లో ఇంజనీరు. ఎనిమిదడుగులు బై నాలుగడుగుల బోర్డు. ఒక ఓవల్, ఒక లూప్ (పక్కకి విడిపోయి మళ్ళీ కలిసే లైను), రెండు సైడింగులు (బళ్ళు నిలిపే పక్క లైన్లు). అందులో ఒక సైడింగ్ వెనక అట్ట గోడలో ఉన్న కన్నంలోకి వెళ్ళి అక్కడే ఆగిపోతుంది. సొరంగం ఎత్తి చూస్తే లోపల బల్లి గుడ్ల పెంకులు. ఆవిడ తమ్ముడికి అరకు లైను కావాలి. బొర్రా గుహలు, సొరంగాలు, 996 మీటర్ల ఎత్తున శిమిలిగూడ, అన్నీ ఆ బోర్డు మీదే. ఆవిడ బాధ వేరు.

“నాన్న చేతులతో చేసింది సార్. మారిస్తే ఆయన్ని తుడిచేసినట్టు ఉంటుందేమో.”

“తుడవద్దమ్మా. ఆయన్నే పాత రైల్వే కంపెనీ చేద్దాం” అన్నాను.

ముందు తమ్ముడికి టేపు ఇచ్చి కొలవమన్నాను. ఒక లైను మీదుగా ఇంకో లైను దాటాలంటే కనీసం ఏడు సెంటీమీటర్లు పైకెక్కాలి. పాత లోకోలు (ఇంజన్లు) ఇబ్బంది పడకుండా లాగాలంటే వాలు నలభైకి ఒకటి. అంటే ఎక్కడానికే 2.8 మీటర్లు. బోర్డు పొడవు 2.44. దిగడం సంగతి ఇంకా రానేలేదు. అబ్బాయి టేపు చుట్టేశాడు.

అప్పుడు ముగ్గురం కూర్చుని విజయనగరం నుంచి భీమిలికి ఒక లైను వేశాం. అలాంటి లైను ఎప్పుడూ లేదు. కానీ ఉండి ఉండొచ్చు అనిపించడానికి కావలసినవన్నీ ఉన్నాయి. భీమిలి డచ్చివాళ్ళ కాలం నుంచీ రేవు. పక్కనే చిట్టివలసలో జూట్ మిల్లు ఉండేది. మన గోగునారని విదేశీ వ్యాపారులు బిమ్లిపట్నం జ్యూట్ అనే పిలిచేవారు. సరుకుంది, రేవుంది, కొంచెం దూరంలో మెయిన్ లైనుంది. 1933లో విశాఖ పోర్టు తెరిచాక భీమిలి రేవు వెలవెలబోయింది, మా కథలో లైను మాత్రం మిల్లు పుణ్యమా అని బతికింది.

ఇక బోర్డు మీదున్న ప్రతి వంకరా పనికొచ్చింది. కన్నంలోకి వెళ్ళే సైడింగ్ మిల్లు సైడింగ్ అయింది. కన్నానికి ఒక ఇనప గేటు, పక్కన వాచ్‌మన్ గది పెట్టాం. లూప్‌లో ఖాళీ వ్యాగన్లు ఆగి ప్యాసింజర్‌కి దారిస్తాయి. ఒకచోట లైను ఊరికే కొంచెం పక్కకి జరిగి మళ్ళీ దారిలోకొస్తుంది. ఆయన చేయి జారిందో ఏమో! అక్కడ చిన్న పైడితల్లి గుడి, వేపచెట్టు పెట్టాం. అమ్మవారి గుడి కోసం లైను జరిపారంటే మన ప్రాంతంలో ఎవరూ కారణం అడగరు. ఇంగ్లిష్ స్టేషన్ భవనాన్ని అలాగే ఉంచి కంపెనీ ఏజెంట్ బంగళా చేశాం, కప్పు మీద బెంగుళూరు పెంకు రంగు వేశాం. చిమ్నీ ఒక్కటే తీశాం. భీమిలిలో చలిమంట ఎవరికండీ? తీసిన చిమ్నీని డబ్బాలో పెట్టి ఆవిడకే ఇచ్చాను. వాళ్ళ నాన్నగారు వేసిన ఆకుపచ్చ రంగు పెట్టెలు ఇప్పుడు ‘కంపెనీ రోజుల నాటివి’. రెండు సైడింగ్‌లో వెలిసిపోయి నిలబడి ఉంటాయి, ఒకటి ఇంకా నడుస్తుంది.

ఇంత చేసినా కొత్తగా కొన్న పట్టా ఒక్కటి కూడా లేదు.

ఒక హెచ్చరిక. రైలు పడిపోయే వంకరకి కథ చెప్పకండి, దాన్ని సరిచేయండి. పీకాల్సినవి కూడా కొన్ని ఉంటాయి. బోర్డు తిరగేసి ఫ్రేమ్ చెక్కని స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి, లోపలికి దిగిపోతే చెదలు. తడికి ఉబ్బిన చిప్‌బోర్డు మళ్ళీ చదునుకి రాదు, దాని బదులు ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్ వేయండి. పట్టాకి అయస్కాంతం అంటుకుంటే అది స్టీలు. మన ఉప్పుగాలికి తుప్పు పట్టి తీరుతుంది, అలాంటి ట్రాక్ మీద మమకారం వద్దు. నికెల్ సిల్వర్ పట్టాకి అయస్కాంతం అంటుకోదు, అదైతే నిశ్చింతగా ఉంచుకోండి.

ఇంతా విని “లేదు సార్, లెక్క కుదిరితేనే నాకు నిద్రపడుతుంది” అనేవాళ్ళకీ దారుంది. స్కేలుని 48వ వంతుకి మార్చండి. 762 మిల్లీమీటర్ల నారోగేజ్ దాదాపు 16 మిల్లీమీటర్లు అవుతుంది. నౌపడ-గుణుపూర్ లైను ఒకప్పుడు ఆ గేజే. పట్టాలు అవే ఉంటాయి. భవనాలు, బొమ్మలు, బళ్ళ పైభాగాలు మారతాయి. పని ఎక్కువే అనుకోండి, పీకుడు మాత్రం ఉండదు.

అపోహ: కల్పిత చరిత్రే కదా, ఏదైనా పెట్టొచ్చు.

పెట్టొచ్చు, రెండో నెలకి మీకే విసుగొస్తుంది. ఒక సంవత్సరానికి కట్టుబడండి. మర్రిపాలెం లేఅవుట్‌కి 1958 అనుకున్నాం. డబ్ల్యూడీఎం-2 డీజిళ్ళు మన దేశానికి 1962లో వచ్చాయి కాబట్టి తమ్ముడికి ఎంత ఇష్టమైనా దానికి అక్కడ చోటు లేదు. అన్నీ ఆవిరి ఇంజన్లే. ఏ సరుకు ఎక్కడి నుంచి ఎక్కడికో కూడా ముందే రాసిపెట్టుకోండి. వెళ్ళేది గోనె బేళ్ళు, వచ్చేది బొగ్గు, గోగునార. అంతే, టైమ్‌టేబుల్ దానంతటదే తయారవుతుంది.

అపోహ: బీచ్‌లో కావలసినంత ఇసుక ఉండగా బాలాస్ట్ కొనడం దండగ.

ఇది అచ్చంగా విశాఖ అపోహ. బీచ్ ఇసుకలో ఉప్పు ఎలాగూ ఉంటుంది, అది తేమని లాగుతుంది. అసలు గొడవ ఇంకోటి. విశాఖ, భీమిలి తీరం ఇసుకలో ఇల్మెనైట్, మాగ్నెటైట్ లాంటి బరువైన నల్ల ఖనిజాలున్నాయి. అనుమానముంటే గుప్పెడు ఇసుక కాగితం మీద పోసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన అయస్కాంతాన్ని పైన తిప్పండి. నల్ల గింజలు మీసాల్లా నిక్కబొడుచుకుని కవర్‌కి అంటుకుంటాయి. మీ లోకో మోటార్లోనూ అయస్కాంతమే ఉంది, అది పట్టాల మీద సెంటీమీటరు ఎత్తున తిరుగుతుంటుంది. ఎంత కడిగినా ఆ గింజలు పోవు. నేను విప్పిన మోటార్లలో ఆర్మేచర్‌కీ (లోపల తిరిగే భాగం) అయస్కాంతానికీ మధ్య ఈ నల్లపొడి ఇరుక్కుని కమ్యుటేటర్ (దానికి కరెంటు అందించే భాగం) గీసుకుపోయినవి బోలెడు. అన్నట్టు, ఎర్రమట్టి దిబ్బల నుంచి మట్టి తెస్తామనేవాళ్ళూ ఉన్నారు. అది రక్షిత ప్రదేశం, దాని జోలికి వెళ్ళకండి. ఎరుపు కావాలంటే పౌడర్ రంగులున్నాయి.

అపోహ: డీసీసీ (పట్టాల ద్వారా ఒక్కో ఇంజన్‌కీ విడివిడిగా డిజిటల్ ఆజ్ఞలు పంపే పద్ధతి) పెట్టేస్తే పాత సమస్యలన్నీ పోతాయి.

మురికి పట్టాల మీద డీసీసీ ఇంకా ఎక్కువ విసిగిస్తుంది. పాత లోకోల్లో చాలావాటిలో మోటారు బ్రష్ ఒకటి ఛాసిస్‌కే (ఇంజన్ లోహపు చట్రానికే) తగిలి ఉంటుంది. దాన్ని విడదీయకుండా, ఆ ఆజ్ఞలు అందుకునే డీకోడర్ తగిలిస్తే చిన్న పొగ, పెద్ద ఖర్చు. ముందు మామూలు డీసీ మీద అన్నీ సాఫీగా తిరగనివ్వండి.

అపోహ: నల్లబడ్డ పట్టాలని గరుకు కాగితంతోనో, గిన్నెలు తోమే స్టీలు పీచుతోనో రుద్దాలి.

గీతలు పడితే ఆ గీతల్లోనే మళ్ళీ మురికి చేరుతుంది. పీచు ముక్కలు కూడా మోటార్లోకే వెళ్తాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని గుడ్డ చాలు. బీచ్ రోడ్డు వైపు ఇళ్ళయితే ఇంకాస్త తరచుగా తుడవాలి, అంతే తేడా.

అపోహ: కొనగానే ప్లగ్ పెట్టి చూస్తే నడుస్తుందో లేదో తెలిసిపోతుంది.

దయచేసి వద్దు. అమెరికా నుంచి వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ 120 వోల్టులది, మన 230కి తగిలిస్తే కాలిపోతుంది. ఇంగ్లండ్‌ది వోల్టేజీకి సరిపోతుంది గానీ, దశాబ్దాల నాటి రబ్బరు తీగ లోపల పొడిపొడి అయి ఉండొచ్చు. ప్లగ్ పెట్టకుండానే తీగని వేళ్ళ మధ్య మెల్లగా వంచి చూడండి. తొక్క పగిలిందా, ఆ కంట్రోలర్‌ని కంపెనీ రోజుల గుర్తుగా అద్దాల బీరువాలో పెట్టేసి 12 వోల్టులది కొత్తది కొనుక్కోండి. పిల్లలున్న ఇంట్లో పాత తీగకి కొత్త ప్లగ్ బిగించి సరిపెట్టుకుందామనుకోకండి.