మరీచి పక్కన సుడిగుండం

వేసవి రాత్రి డాబా మీద పడుకుని ఉత్తరం వైపు చూస్తే సప్తర్షి మండలం ఎత్తుగా కనిపిస్తుంది. పెళ్లిలో పురోహితుడు అరుంధతిని చూపించేది అక్కడే, వశిష్ఠుడి పక్కన. వశిష్ఠుడిని దాటి తోక చివరికి వెళితే మరీచి. ఆ నక్షత్రం నుంచి ఏడు చంద్రబింబాలు వరసగా పేర్చినంత దూరంలో ఒక గెలాక్సీ ఉంది. దాని పేరు ఎం51. సుడిగుండం గెలాక్సీ అన్నది దాని ముద్దుపేరు.

దాన్ని మొదటిసారి నాలుగు అంగుళాల టెలిస్కోపులో చూశాను. పక్కపక్కనే రెండు మసక మచ్చలు, ఊదిన అద్దం మీద ఆవిరిలా. అవి అసలు ఉన్నాయో లేవో అని చాలాసేపు రెప్ప వేయకుండా చూశాను. ఆ మసక వెలుగు మనల్ని చేరడానికి సుమారు 3 కోట్ల సంవత్సరాలు పట్టిందన్న సంగతి తెలిసి చూస్తే, ఆ మచ్చలు తక్కువగా అనిపించవు.

1773 అక్టోబరులో ఫ్రాన్స్‌కు చెందిన షార్ల్ మెస్సియే ఒక తోకచుక్కను గమనిస్తూ దీన్ని కనిపెట్టాడు. ఆయనకూ మచ్చే కనిపించింది. అది సుడి అని తెలియడానికి ఇంకో 72 ఏళ్లు పట్టింది. ఐర్లండ్‌లోని బర్ కోటలో లార్డ్ రాస్ అనే జమీందారు ఆరడుగుల వెడల్పు దర్పణంతో టెలిస్కోపు కట్టించాడు. అప్పట్లో దర్పణానికి గాజు వాడేవారు కాదు. రాగి, తగరం కలిపి పోతపోశారు. మన కంచులో ఉండేవీ ఆ రెండు లోహాలే. టన్నుల బరువున్న ఆ పోతను అరగదీసి, మెరుగుపెట్టి, రెండు రాతి గోడల మధ్య వేలాడదీసి, 1845లో ఆకాశం వైపు తిప్పారు. ఎం51 మెలికలు తిరిగి ఉంది! ఆకాశంలో ఒక సర్పిలాకారాన్ని మనిషి చూడడం అదే మొదలు. ఫొటో తీసే వీలు లేదు కనుక రాస్ కంటితో చూస్తూ చేత్తో బొమ్మ గీశాడు. ఆ బొమ్మను నేటి హబుల్ అంతరిక్ష టెలిస్కోపు చిత్రం పక్కన పెట్టి చూస్తే, ఆ చేతికి నమస్కరించాలనిపిస్తుంది.

అయితే ఆ సుడి ఎంత పెద్దది, ఎంత దూరంలో ఉంది? ఇక్కడ చరిత్ర ఒక తప్పుదారి పట్టింది. అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో అడ్రియాన్ వాన్ మానెన్ కొన్నేళ్ల ఎడంతో తీసిన ఫొటో పలకలను పోల్చి, ఈ సుడులు తిరుగుతున్న కదలికను కొలిచానన్నాడు. ఎం51 కూడా ఆ జాబితాలో ఉంది. ఎం101 అనే మరో సుడి 85,000 ఏళ్లలో ఒక చుట్టు తిరుగుతుందని ఆయన లెక్క. అంత వేగంగా తిరిగేవి మనకు దగ్గరలోనే, మన గెలాక్సీ అయిన పాలపుంతలోనే ఉండాలి కదా అని 1920 నాటి ప్రసిద్ధ చర్చలో ఖగోళ శాస్త్రవేత్త హార్లో షాప్లే వాదించాడు. తీరా ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడా సుడిలో కాంతి మారే నక్షత్రాలను పట్టుకుని, అది పాలపుంతకు చాలా బయట ఉందని 1925 నాటికి తేల్చాడు. నేడు మనకు తెలిసిన దూరాన్ని పెట్టి వాన్ మానెన్ లెక్కను నమ్మితే, ఎం101 అంచు కాంతి కంటే చాలా రెట్లు వేగంగా పరుగెత్తాలి. ఆ తర్వాత పలకలను మళ్లీ కొలిస్తే ఆ కదలిక లేదు. వాన్ మానెన్ మోసగాడు కాడు. జాగ్రత్తకు పేరున్న మనిషి. పలక మీద వెంట్రుక కంటే సన్నని తేడాను కొలవబోయి పొరబడ్డాడు.

ఆ తర్వాత ఎదురైన ప్రశ్న నాకు వీటన్నిటికంటే ఇష్టం. సుడిలో చేతుల్లా చాచుకున్న ఈ మెలికలు, అంటే బాహువులు, ఇంకా ఎలా నిలిచి ఉన్నాయి?

గెలాక్సీ బండిచక్రంలా మొత్తం ఒకటిగా తిరగదు. లోపలి నక్షత్రాలు తమ చుట్టును త్వరగా ముగిస్తాయి, బయటివి వెనకబడతాయి. మన సూర్యుడు పుట్టినప్పటి నుంచి పాలపుంత చుట్టూ ఇరవై సార్లు తిరిగి ఉంటాడు. బాహువు ఎప్పుడూ అవే నక్షత్రాలతో కట్టిన పట్టీ అయితే, ఈపాటికి కండెకు దారం చుట్టుకున్నట్టు బిగిసిపోయి సుడి ఆనవాలే మిగలకూడదు. కానీ ఎం51 బాహువులు తీరుగా విచ్చుకుని ఉన్నాయి.

స్వీడన్‌కు చెందిన బెర్టిల్ లిండ్‌బ్లాడ్ ఆలోచనలను ముందుకు తీసుకెళ్తూ 1964లో అమెరికాలో సి.సి. లిన్, ఫ్రాంక్ షు చెప్పిన సమాధానం ఇది: బాహువు ఒక అల. చెరకు టన్నులకొద్దీ ఎత్తిన ట్రాక్టరు రోడ్డు మీద మెల్లగా పోతుంటే దాని వెనక కార్లు, బైకులు గుమిగూడతాయి. ఒక్కొక్కటే దాటుకుని ముందుకు పోతుంది, వెనక కొత్తది వచ్చి చేరుతుంది. గుంపు మాత్రం ట్రాక్టరు వేగంతోనే సాగుతుంది. గెలాక్సీలో ట్రాక్టరు లేదు. కిక్కిరిసిన నక్షత్రాల, వాయువుల గురుత్వాకర్షణే వచ్చేవాటిని కాసేపు పట్టి ఉంచుతుంది.

ఎం51 చిత్రంలో ఈ కథ రంగుల్లో కనిపిస్తుంది. బాహువు లోపలి అంచున నల్లని ధూళి చారలు: వాయువు ఒత్తుకుపోయే చోటు. ఆ పక్కనే గులాబి రంగు ముద్దలు: కొత్త నక్షత్రాలు పుడుతున్న పురిటిళ్లు. ఆ తర్వాత నీలి నక్షత్రాల గుంపులు. భారీ నీలి నక్షత్రాలు కొన్ని పదుల లక్షల ఏళ్లకే ఆరిపోతాయి కనుక పుట్టిన బాహువును విడిచి ఎంతో దూరం పోలేవు. బాహువులు అంత వెలుగుతో మెరవడానికి కారణం ఈ అల్పాయుష్కులే.

అన్ని గెలాక్సీల సుడులకూ ఈ అల ఒక్కటే సమాధానం కాదు. ఎం51 తీరుకు మరో కారణం ఎదురుగానే ఉంది. నేను చూసిన రెండో మచ్చ ఎన్‌జీసీ 5195 అనే చిన్న గెలాక్సీ. అది పెద్దదాని బాహువు కొసన వేలాడుతున్నట్టుంటుంది కానీ, నిజానికి వెనక ఉంది. 1972లో టూమ్రే సోదరులు ఆలార్, యూరి ఆనాటి కంప్యూటర్ మీద ఒక గెలాక్సీ పక్కనుంచి మరొకదాన్ని పోనిచ్చి చూశారు. ఆ లాగుడుకు పెద్దదాని బాహువు సాగి, ఎం51 రూపమే ప్రత్యక్షమైంది. చంద్రుడు సముద్రానికి పోటు తెచ్చినట్టే ఇదీ.

ఇంతగా నక్షత్రాలు పుట్టే చోట చావులూ ఎక్కువే. 1994, 2005, 2011లలో ఇక్కడ మూడు సూపర్‌నోవాలు, అంటే నక్షత్రాల పేలుళ్లు, కనిపించాయి. మన పాలపుంతలో మామూలు కంటికి కనిపించిన చివరిది 1604 నాటిది. 2011లో పేలినదాని పాత రూపం హబుల్ అంతకుముందే తీసిన చిత్రాల్లో దొరికింది: ఒక పసుపు మహాతార. పేలుడు వెలుగు తగ్గాక మళ్లీ చూస్తే ఆ చోట అది లేదు.

2021లో వచ్చిన కబురు మరీ సున్నితమైనది. ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు మీద నడుస్తున్న చంద్రా ఎక్స్‌రే టెలిస్కోపు సమాచారంలో, ఎం51లోని ఒక జంట నుంచి వచ్చే ఎక్స్‌రేలు దాదాపు మూడు గంటల పాటు కుంగి పూర్తిగా ఆగి, మళ్లీ వచ్చినట్టు కనిపించింది. ఆ జంటలో ఒకటి చచ్చిన నక్షత్రం మిగిల్చిన న్యూట్రాన్ తార లేదా కృష్ణబిలం, మరొకటి భారీ నక్షత్రం. ఎక్స్‌రేలు వెలువడే చోటు ఎంతో చిన్నది కనుక, శనిగ్రహమంత గోళం అడ్డొచ్చినా మొత్తం కప్పేయగలదు. మన పాలపుంతకు బయట గ్రహం ఉందనడానికి ఇది ఒక సూచనే, ఇంకా నిర్ధారణ కాలేదు. అది నిజంగా గ్రహమే అయితే దాని కక్ష్య చాలా పెద్దది. మళ్లీ ఆ నీడ పడడానికి దాదాపు 70 ఏళ్లు పడుతుంది. ఆ పరిశీలన 2012 నాటిది.