ఆ నల్ల పెచ్చు ఎందుకు తాతా?

చిన్నితల్లికీ, బుజ్జినాన్నకూ తాత ముద్దులు.

మొన్న సెలవులకు కావలి వచ్చినప్పుడు, మన గేటు పని జరుగుతుంటే మీరొక ప్రశ్న అడిగారు. "వెల్డింగ్ మామ అంత కష్టపడి అతికించాడు కదా, మళ్లీ సుత్తితో కొడతాడేంటి? ఆ నల్ల పెచ్చు పనికిరానిదైతే అసలెందుకు రావాలి?" అని. నేను నోరు తెరిచేలోపే మీ అమ్మ మిమ్మల్ని లోపలికి లాక్కుపోయింది. ఇదిగో, ఇప్పుడు చెబుతున్నాను.

అవ్వ ఆవకాయ జాడీ గుర్తుందా? ముక్కల మీద నూనె తేలుతూ ఉండాలంటుంది. మూతి మీద గుడ్డతో వాసెన కడుతుంది. గాలి తగిలితే బూజు పడుతుందని ఆమె భయం. కరిగిన ఇనుముకూ అదే గండం. పదిహేను వందల డిగ్రీలు దాటాక ఇనుము నీళ్లలా అవుతుంది. అప్పుడు గాలి సోకిందా, ఆక్సిజనూ నైట్రోజనూ అందులో దూరిపోతాయి. చల్లారాక చూస్తే అతుకు నిండా బెజ్జాలు, కొడితే పెళుసుగా విరిగిపోతుంది. అందుకే వెల్డింగ్ మామ కరిగించే ఇనపకడ్డీకి, అదే రాడ్డుకు, పైన మందు పూత పూస్తారు. ఆ పూత కాలినప్పుడు వచ్చే పొగ వాసెన అనుకోండి. కరిగి, ఇనుము మీద తేలి గట్టిపడేది నూనె అనుకోండి. మీరు చూసిన పెచ్చు అదే. ఆవకాయను మూడో రోజు తిరగకలుపుతాం, దీన్ని మాత్రం కలపకూడదు. దీని పని అయిపోగానే ఒలిచి పారేయాలి. ఒలవకుండా మళ్లీ దాని మీదే వెల్డింగ్ చేస్తే పెచ్చు లోపలే ఉండిపోయి అతుకు బలం పోతుంది. జాడీ పోలిక ఇక్కడికి చాలు.

ఈ పూత కనిపెట్టింది స్వీడన్ దేశపు ఇంజనీరు, పేరు ఆస్కార్ షెల్‌బర్గ్. ఆవిరి ఓడల్లో పనిచేసేవాడు. ఆ రోజుల్లో బాయిలర్ అంటే, నీళ్లను ఆవిరి చేసే పెద్ద ఇనప పాత్ర, రేకులకు రివెట్లు అనే ఇనప మేకులు కొట్టి బిగించినదే. కొన్నాళ్లకు ఆ రివెట్ల సందుల్లోంచి కారడం మొదలవుతుంది. కరెంటుతో ఇనపకడ్డీ కరిగించి పూడ్చి చూస్తే అతుకు నిలవలేదు. అప్పుడాయన ఆ కడ్డీని కార్బనేట్లూ సిలికేట్లూ కలిపిన చిక్కటి ముద్దలో ముంచి ఆరబెట్టాడు. కార్బనేట్ అంటే సున్నపురాయి జాతి, సిలికేట్ అంటే ఇసుక జాతి. చూడండి, ఎంత మామూలు సరుకో!

1904లో గోథెన్‌బర్గ్ రేవులో కంపెనీ పెట్టాడు. మొదట్లో వాళ్ల పని ఓడల మరమ్మతే. ఆ కంపెనీయే ఈసాబ్. పేరులోని అక్షరాలను విడదీస్తే వాళ్ల భాషలో 'కరెంటు వెల్డింగ్ కంపెనీ' అనే అర్థం. తర్వాత గ్యాస్ కటింగ్ సామానూ చేశారు. మన పక్కనే, చెన్నై అంబత్తూరులో వాళ్ల ఫ్యాక్టరీ ఉంది.

బాయిలర్ కారడం అంటే ఏమిటో నాకు చిన్నప్పుడే తెలుసు. మేము బిట్రగుంటలో ఉండేవాళ్లం. మా నాయనకు ఆవిరి రైలింజన్ల లోకోషెడ్డులో పని. అన్నం ముందు కూర్చుని "ఈ రోజు మళ్లీ అదే ఇంజను కారింది" అనేవాడు, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేనట్టు. చేతుల మీద మసి ఎంత తోమినా పోయేది కాదు. రాత్రిపూట ఇంజను కూత వింటే చాలు, అది ఏ బండో అమ్మ చెప్పేసేది.

నాకు పదేళ్లప్పుడు రోడ్డు పక్క వెల్డింగ్ షాపు ముందు నిలబడి ఆ నీలి వెలుగును అలాగే చూస్తూ ఉండిపోయాను. మెరుపు ఒకచోట ఆగిపోయినట్టు ఎంత బాగుందో! ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టయింది. తెల్లవారేదాకా ఏడ్చాను, అమ్మ తడిగుడ్డ వేస్తూ పక్కనే కూర్చుంది. ఆ వెలుగులో ఎండలో ఉండేలాంటి అతినీలలోహిత కిరణాలుంటాయి, అవి కంటి పైపొరను కాల్చేస్తాయి. అందుకే మామ నల్లద్దం పెట్టుకుంటాడు. నాన్నలూ, మీరు మాత్రం ఎప్పుడూ చూడొద్దు. మొన్న అమ్మ మిమ్మల్ని లోపలికి లాక్కెళ్లింది కూడా అందుకే, ఆమె మీద కోపం పెట్టుకోకండి.

కరెంటు ఆ చిన్న సందులోంచి దూకి అంత వేడి ఎలా పుట్టిస్తుందో చెప్పాలంటే ఇంకో ఉత్తరం కావాలి. ఇన్నేళ్లు వచ్చినా నాకు ఇప్పటికీ అది అద్భుతంగానే ఉంటుంది.

గేటు కింద రాలిన పెచ్చు ఒకటి ఈ కవర్లో పెట్టి పంపుతున్నాను. అంచులు పదును, జాగ్రత్త. తిరగేసి వెలుగులో చూడండి. లోపలి వైపు గాజులా మెరుస్తూ, చెరువులో అలల్లా సన్నటి గీతలు కనిపిస్తాయి. గేటు అతుకు మీదా అవే అలలున్నాయి. దసరాకు వచ్చేటప్పుడు పెచ్చును పారేయకుండా తీసుకురండి, అది గేటు మీద ఏ అతుకుకు సరిగ్గా అతుకుతుందో ముగ్గురం కలిసి వెతుకుదాం.

మీ తాత