టెన్షన్‌కీ సంతానానికీ ఒకే వేరా?

"అశ్వగంధ టెన్షన్ తగ్గిస్తుందంటారు, పిల్లలు పుట్టడానికీ మంచిదంటారు. ఒకే వేరు రెండు పనులు ఎలా చేస్తుంది?" అని ఒక పాఠకురాలు అడిగారు. అన్నిటికీ ఒకటే మందు అనగానే నాకు అనుమానమే. కానీ ఈ ప్రశ్నలో పస ఉంది. ఈ రెండు వ్యవహారాలనూ మెదడులో నడిపేది ఒక్క చోటే: హైపోథాలమస్.

అక్కడి నాడీకణాలు కొన్ని జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోనును వదులుతాయి. పది అమైనో ఆమ్లాల ముక్క, అంతే. వింతేమిటంటే అది ధారగా రాదు. నెలసరి మొదటి సగంలో గంటకో గంటన్నరకో ఒకసారి, దఫదఫాలుగా వస్తుంది. తలుపు తట్టినట్టన్నమాట. ఆగి ఆగి తడితే మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి తలుపు తీస్తుంది: ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లు బయటికొచ్చి అండాశయాలనో వృషణాలనో పనిలోకి దింపుతాయి. ఆపకుండా బాదితే విసిగి గడియ పెట్టేసుకుంటుంది. ఇదేదో మాటవరసకు చెప్పడం లేదు. 1978లో ఎర్న్‌స్ట్ నోబిల్ అనే శాస్త్రవేత్త బృందం కోతులకు ఈ హార్మోనును గంటకోసారి ఇస్తే పిట్యూటరీ చక్కగా పనిచేసింది, ఏకధాటిగా ఎక్కిస్తే చల్లబడిపోయింది. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో టెస్టోస్టెరాన్‌ను అణచడానికి ఇచ్చే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ కిటుకు ఇదే. మరీ ఎడంగా తట్టినా తలుపు సరిగా తెరుచుకోదు. ఒత్తిడి చేసే పని సరిగ్గా అదే: సీఆర్‌హెచ్, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్లు పెరిగి ఆ లయను మందగింపజేస్తాయి. పరీక్షలప్పుడో, ఇంట్లో మనిషి పోయినప్పుడో నెలసరి తప్పితే గాలి సోకిందనీ దిష్టి తగిలిందనీ అనక్కర్లేదు. స్కూల్లో హార్మోన్ల పట్టిక బట్టీ పట్టిస్తారు గానీ, ఈ లయ ఊసే ఎత్తరు!

కాబట్టి ఒత్తిడిని నిజంగా తగ్గించేది ఏదైనా సంతానానికీ ఆ మేరకు కలిసిరావచ్చు. ఊహ సబబే. రుజువో? అశ్వగంధను కొద్దిమందికి కొన్ని వారాలు ఇచ్చి చూసిన పరీక్షల్లో కార్టిసాల్ కొంత తగ్గింది. వీర్యకణాల సంఖ్య పెరిగిందన్నవీ ఉన్నాయి. అన్నీ చిన్న పరీక్షలే. పైగా ఒక వీర్యకణం తయారవడానికే రెండు నెలలు దాటుతుంది, ఇక 'పది రోజుల్లో ఫలితం' అనే ప్రకటనను ఏమనాలి? సంతానం కోసమే వాడే మరో మూలిక శతావరికి మనుషుల మీద గట్టి పరీక్షలు ఇంకా తక్కువ.

"మొక్కే కదా, ఏం కాదులే" అనే మాట మాత్రం ఒప్పుకోను. అశ్వగంధ వాడాక కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. థైరాయిడ్ హార్మోను పెరగొచ్చు. గర్భిణులు అసలు వాడకూడదు. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది.

ఐరోపాలో దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక కథ ఇంకా చిత్రం. అందులోని హైపర్‌ఫోరిన్ కాలేయ కణాల్లో పీఎక్స్‌ఆర్ అనే గ్రాహకాన్ని మేల్కొలుపుతుంది. దాంతో సైప్ 3ఏ4 అనే ఎంజైము ఎక్కువగా తయారవుతుంది. గర్భనిరోధక మాత్రలోని హార్మోన్లను విరగ్గొట్టేది ఆ ఎంజైమే. మాత్ర రోజూ తప్పకుండా వేసుకుంటున్నా రక్తంలో హార్మోను చాలకపోవచ్చు, గర్భం వచ్చే వీలుంది. మూలిక మానేసినా ఎంజైము వెంటనే దిగిరాదు, కొన్ని రోజులు పడుతుంది.