కల్తీ కేసు జైలు దాకా ఎందుకు వెళ్లదు?

పాలో నెయ్యో నూనో కల్తీ అని బయటపడ్డ ప్రతిసారీ జనం అడిగేది ఒకటే: వీళ్లను జైల్లో పెట్టరేం? జవాబు 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో ఉంది.

అంతకు ముందున్న 1954 నాటి కల్తీ నిరోధక చట్టం 1976 సవరణతో బాగా బిగిసింది. చాలా నేరాలకు కనీసం ఆరు నెలల జైలు. నీళ్ల పాలకూ విషపు నూనెకూ ఒకే తూకమా అని వ్యాపారులు మొత్తుకున్నారు. ఆ మాటలో కొంత న్యాయముంది.

2006లో చేసినా 2011 ఆగస్టు 5న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం సరుకును నాసిరకం, తప్పుడు లేబుల్, సురక్షితం కానిది అని విడదీసింది. నాసిరకమైతే గరిష్ఠంగా 5 లక్షల జరిమానా. అదీ కోర్టులో కాదు, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారి ముందు. జైలు ప్రధానంగా సురక్షితం కాని సరుకుకే.

అంటే కేసు మొత్తం ల్యాబ్ రాసే ఒక్క మాట మీద నిలబడింది. అధికారి డబ్బిచ్చి శాంపిల్ కొంటాడు, నాలుగు భాగాలు చేసి సీలు వేస్తాడు. పాలైతే చెడకుండా ఫార్మలిన్ చుక్కలు వేస్తారు. పద్నాలుగు రోజుల్లో నివేదిక రావాలి. అందులో కొవ్వు తక్కువ అని మాత్రమే ఉంటే అది నాసిరకం, జరిమానాతో సరి. ఆ పాలే ఆధారంగా పెరిగే పసిబిడ్డకు తగ్గిన పోషణ ఏ లెక్కలోకీ రాదు.

సురక్షితం కాదని తేలినా పెద్ద శిక్ష పడాలంటే హాని రుజువు కావాలి. తీవ్రమైన హానికి ఆరేళ్ల దాకా, ప్రాణం పోతే ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి నూనె కలిసి కాళ్లు వాచి, గుండె దెబ్బతిని అరవై మందికి పైగా చనిపోయారు. పాత చట్టంలోని కఠిన శిక్షలు దాన్ని ఆపలేదని కొత్త చట్టాన్ని సమర్థించేవాళ్లు అంటారు. నిజమే. కానీ అక్కడ ఆస్పత్రులు ఒక్కసారిగా నిండాయి కాబట్టి కారణం దొరికింది. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఒంట్లో చేరే రంగుకూ రసాయనానికీ అలాంటి రుజువు ఎవరు తేగలరు?

హాని రుజువు కానప్పుడు పడే ఆరు నెలల జైలును కూడా 2023లో జన విశ్వాస్ చట్టం (చాలా చట్టాల్లోని చిన్న నేరాల శిక్షలను సడలించిన చట్టం) మూడు నెలలకు తగ్గించి, జరిమానాను లక్ష నుంచి 3 లక్షలకు పెంచింది. శిక్షాస్మృతి కింద పోలీసులు విడిగా పెట్టే కల్తీ కేసులకూ తావు లేదని, ఆహార భద్రత చట్టానిదే పైచేయని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది.