కన్నుకొట్టే బొమ్మకు గ.సా.భా. మందు

బ్రౌజర్‌లో చలాకీగా కన్నుకొట్టే జిఫ్ బొమ్మ, ఐఫోన్ యాప్‌లోకి రాగానే నిద్రమత్తుతో తూగుతుంది. ఎందుకు?

బొమ్మలో నాలుగు ఫ్రేములున్నాయనుకుందాం: తెరిచిన కన్ను, అరమూత, పూర్తి మూత, మళ్లీ అరమూత. 1989 నాటి జిఫ్ ప్రమాణంలో ఏ ఫ్రేము ఎంతసేపు నిలవాలో దేనికది, సెకనులో వందో వంతుల్లో రాసి ఉంటుంది. ఇక్కడ 200, 4, 8, 4. మొత్తం 216. ఐఫోన్ యాప్‌లలో బొమ్మలను చూపడానికి ఆపిల్ ఇచ్చిన యూఐఇమేజ్‌కి ఈ నాలుగు ఫ్రేములూ, 2.16 సెకన్ల మొత్తం వ్యవధీ అందిస్తే అది సమానంగా పంచేస్తుంది, తలా 54. అరమూత రెప్ప అర సెకనుకు పైగా అలాగే ఉండిపోతుంది!

దీనికి మందు బళ్లో నేర్చిన గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం). నాలుగు సంఖ్యలకూ గ.సా.భా. 4. దాంతో భాగిస్తే 50, 1, 2, 1. తెరిచిన కన్నును వరసలో 50 సార్లు, మూసిన కన్నును రెండుసార్లు, అరమూతలను ఒక్కోసారి పెట్టండి. 54 గళ్లు, ఒక్కోటి 0.04 సెకను. ఇప్పుడు సమానంగా పంచినా సరైన లయే వస్తుంది. ఒకే బొమ్మను మళ్లీ మళ్లీ చూపిస్తున్నాం కాబట్టి మెమరీ పెరగదు. ప్రతి గడికీ ఫ్రేమును కొత్తగా విప్పితేనే (డీకోడ్ చేస్తేనే) ముప్పు. గ.సా.భా.ను తాడు ముక్కలతో, పాల క్యాన్లతో నేర్పే మాస్టార్లు ఈ కన్నును కూడా ఒకసారి బోర్డు మీద వేస్తే ఎంత బాగుంటుందో!

ఫ్రేము ఎంతసేపు నిలవాలో చెప్పే విలువ ఆపిల్ దగ్గర రెండు పేర్లతో దొరుకుతుంది. దాన్ని 'అన్‌క్లాంప్డ్ డిలే టైమ్' నుంచే చదవాలి. మామూలు 'డిలే టైమ్' 50 మిల్లీసెకన్లు, అంతకు తక్కువ ఉన్నవాటిని 100 చేసేస్తుంది. మన 4 (అంటే 40 మిల్లీసెకన్లు) కాస్తా 10 అయి, 8 మాత్రం 8గానే మిగులుతుంది. చదివిన విలువను వందతో హెచ్చవేసి దగ్గరి పూర్ణాంకానికి సవరించాలి, దశాంశాలను కత్తిరించకూడదు: 0.29ని వందతో హెచ్చిస్తే కంప్యూటర్‌కు 28.99... వస్తుంది, కత్తిరిస్తే 28 మిగులుతుంది. 0, 1 ఉన్నచోట బ్రౌజర్లలాగే 10 వేయండి. లేకుంటే సున్నా ఫ్రేము వరసలోంచి మాయమవుతుంది. అన్నీ సున్నాలైతే భాగహారమే కూలిపోతుంది.

ఫ్రేములు ఎక్కువైతే ఈ పద్ధతి చాలదు. 480×270 ఫ్రేము విప్పితే, పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 5,18,400 బైట్లు. వంద ఫ్రేములకు దాదాపు 52 ఎంబీ. అప్పుడు తెర రిఫ్రెష్ అయిన ప్రతిసారీ యాప్‌ను పిలిచే సీఏడిస్‌ప్లేలింక్‌తో గడిచిన కాలాన్ని కూడుతూ, కావలసిన ఫ్రేమునే విప్పాలి. సెకనుకు 60 సార్లు రిఫ్రెష్ అయ్యే 60 హెర్ట్జ్ తెరకు 40 మిల్లీసెకన్ల గడువు మూడో రిఫ్రెష్‌కి, అంటే 50 దగ్గర, దాటుతుంది. అక్కడ లెక్కను సున్నా చేయకండి, 40 మాత్రమే తీసేయండి. మిగిలిన 10 తర్వాతి ఫ్రేముకు జమ అవుతుంది. సున్నా చేస్తే 40 మిల్లీసెకన్ల ఫ్రేములన్నీ 50 తీసుకుంటాయి, అవే ఉన్న బొమ్మ నాలుగో వంతు సాగిపోతుంది.